దూలం ముట్టిన వరద

1971 వేసవి. పటాన్‌చెరు చుట్టుపక్కల కార్ఖానాలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులు. పనివాళ్ల బస్సులు అవతలి పల్లెలకు వెళ్లాలంటే మధ్యలో ఒక వాగు అడ్డం. దాని మీద వంతెనకు సర్వే చేయమని ఓవర్సీరుగా నన్ను పంపారు. మాది గుడివాడ దగ్గర పల్లె. భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది. వాగు ఒడ్డున రేకుల షెడ్డులో నేనూ, నా కిరసనాయిలు స్టవ్వూ. సాయంత్రం కూలీలు వెళ్లిపోతే పలకరించే మనిషి లేక, నా గొంతు నాకైనా వినిపించాలని లెక్కలు పైకి చదువుకునేవాణ్ని. నవ్వుకోండి, ఒంటరితనం అలాంటిది.

ఆ వాగుకు మా పటంలో పేరు కూడా లేదు. ఎగువన చెరువుల అలుగు నీళ్లన్నీ కలిసి వాగై, వంకర్లు తిరుగుతూ పోయి మంజీరలో కలుస్తాయి. ఎండాకాలం పైన చుక్క ఉండదు. ఇసుకలో చెలిమె తవ్వుకుని కడవ నింపుకోవాల్సిందే. దాన్ని చూసి భయపడాలని ఎవరికీ అనిపించదు.

వంతెన పనిలో మొదట తేల్చాల్సింది హెచ్.ఎఫ్.ఎల్., అంటే హై ఫ్లడ్ లెవెల్. ఆ వాగుకు వచ్చిన అతి పెద్ద వరద ఎంత ఎత్తుకు చేరిందో ఆ మట్టం. లెక్కలు ఎన్ని కట్టినా, చివరికి చూసినవాళ్లను అడిగి గుర్తు చూపించమంటాం. ఒకప్పుడు ఊరు ఒడ్డునే ఉండేదట. పెద్ద వరద వచ్చిన రోజు జనం ముందే మెరకకు పారిపోయి, తర్వాత అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. అందుకే నీళ్లు ఎంత వచ్చాయంటే తలా ఒక మాట చెప్పారు. కదలనిది బాలమ్మ ఒక్కతే. "ఊరందరిదొక దారి, ఉలిపికట్టెదొక దారి" అని మా మేస్త్రీ ఆమెను చూపించి నవ్వాడు.

బాలమ్మకు అరవై దాటి ఉంటాయి. ఒడ్డున రాతిగోడల మట్టిమిద్దెలో ఒంటరిగా ఉండేది. నేను అడగగానే తడుముకోకుండా వాగు పక్కన ఒక బండరాయి చూపించింది.

"గీ గుండు నడుముదాక ఒచ్చింది బిడ్డా. గంతకు మించి రాలే."

ఆ గుర్తు నా లెక్కకు దాదాపు సరిపోయింది. సంతోషంగా ఆఫీసుకు పంపేశాను.

తర్వాత ఆమె అప్పుడప్పుడు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు తెచ్చి షెడ్డు ముందు కూర్చునేది. పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. పక్కన ఒక మనిషి తింటున్న చప్పుడు వినడం మా ఇద్దరికీ చాలేది. ఒకరోజు మాటల్లో, పనివాళ్ల బస్సులు వెళ్లే వంతెన ఎత్తు ఆమె చూపించిన గుర్తును బట్టే నిర్ణయిస్తున్నామని చెప్పాను. ఆమె రొట్టె నమలడం ఆపింది.

"ఆ బస్సులల్ల మనుషులు కూసుంటరా?"

నిండుగా కూర్చుంటారన్నాను. లేచి వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి నన్ను ఇంట్లోకి పిలుచుకుపోయి, కప్పు కింద దూలం చూపించింది.

"గుండు ముచ్చట అబద్ధం. నీళ్లు గీ దూలం ముట్టినయ్. నేను మిద్దెమీద కూసున్న. ఆయన ఎడ్లను ఇప్పనీకి దిగిండు, మల్ల ఎక్కలే."

దూలం పగుళ్లలో వేలు పెడితే పాత ఒండ్రు పొడిపొడిగా రాలింది. మంజీర నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్లను లోపలికి రానివ్వక వెనక్కి నెడుతుందని నాకు అప్పుడు తట్టింది. నా లెక్కలో ఎగువ నుంచి వచ్చే నీళ్లే ఉన్నాయి.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నీళ్లొచ్చే జాగని నన్ను గూడ ఈడికెళ్లి లేపుతరు. వాగు ఆయన్ను గుంజుకపోయింది గని, ఆయన కట్టిన గోడను గుంజలేకపోయింది. నాకు గంతే మిగిలింది."

లేపకుండా చూడడం నా చేతిలో లేదన్నాను. "ఎరుకే. రాసుకో," అంది.

రాశాను. ఇంజనీరుగారు విసుక్కున్నా, స్వయంగా వచ్చి దూలం చూసి ఒప్పుకున్నారు. వంతెన ఎత్తు పెరిగింది. ఎత్తు పెరిగితే దాన్ని అందుకునే రోడ్డు కట్ట, మేం అప్రోచ్ అంటాం, అదీ పెరగాలి. కట్ట ఎత్తయ్యేకొద్దీ అడుగున వెడల్పవుతుంది. కొత్త డ్రాయింగులో ఆ అడుగు బాలమ్మ ఇంటి మీదికి వచ్చింది. దారి కాస్త పక్కకు తిప్పాలని గీసి గీసి చూశాను, కుదరలేదు. ఆమె అబద్ధం మీదే ఉండి ఉంటే ఇల్లు నిలిచేది. ఇల్లు పోతుందని చెప్పడానికి వెళ్తుంటే వంద గజాల దారి తెగలేదు.

ఆమె ఏడవలేదు. పైన ఊళ్లో ఇచ్చిన జాగాకు దూలం మోయించి పెట్టమంది. గోడ రాళ్లు అక్కడికి వద్దంది. కట్ట కోసుకుపోకుండా ఏటవాలుగా రాళ్లు పేరుస్తారు, దాన్ని పిచింగ్ అంటాం. ఆ పని ఎక్కడ జరుగుతుందో అడిగి తెలుసుకుంది.

"ఆయన రాళ్లను గా కట్టకే పెట్టుండ్రి. వాగు దిక్కు. రోడ్డు దిక్కు ఒద్దు."

నేనే దగ్గరుండి పేర్పించాను. ఆ సాయంత్రం షెడ్డులో అన్నం వండుకున్నాను కానీ తినబుద్ధి కాలేదు.

వంతెన పూర్తయిన తర్వాతి వానాకాలం మంజీర మళ్లీ వాగును వెనక్కి నెట్టింది. నీళ్లు మొదట ఆమె చూపించిన గుండును ముంచేసి, ఇంకా ఎక్కి, వంతెన కిందికి వచ్చి ఆగాయి. పైన బస్సులు నడుస్తూనే ఉన్నాయి. బాలమ్మ గోనెసంచి కప్పుకుని కట్ట మీద నిలబడి ఉంది. నీళ్లు తీసిన తర్వాత దిగి చూశాం. ఆమె రాళ్లలో ఒక్కటీ కదల్లేదు.

ఆ తర్వాత ఎన్నో వాగుల మీద పనిచేశాను. ఎక్కడికి వెళ్లినా, నీళ్లు ఎంతదాకా వచ్చాయని అడిగే ముందు, మీ ఇల్లు ఎక్కడ అని అడిగేవాణ్ని.