నాన్న వేసిన ముడి

"పైన వాన పడుతోందా?" అని మా రహమత్ నగర్‌లో నన్ను అడగని వాళ్ళు లేరు. ఆడపిల్లకు అంత పొడుగెందుకని వాళ్ళ బాధ. ఆ పొడుగుకు విలువ కట్టిన మహానుభావుడు ఒక్కడే, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆటలు చూసుకునే పీడీ సారు.

ఊరంతా కంప్యూటర్ల పిచ్చి పట్టిన రోజులవి. ఇంటర్ పాసైన వేసవిలో యూసుఫ్‌గూడ గ్రౌండులో నా బాస్కెట్‌బాల్ ఆట చూసి ఆయన నోట్లోంచి విజిల్ తీశారు. "స్పోర్ట్స్ సీటు నీదేనమ్మా, కంప్యూటర్స్ బ్రాంచే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చెయ్, వారంలో ఫోన్ చేస్తాను," అన్నారు.

మా నాన్న ఫిల్మ్‌నగర్‌లో కాస్ట్యూమ్స్ పని చేసేవాడు. 'కబురు చేస్తాం' అంటే 'ఇంక రాకు' అని అర్థమని నాకు చెప్పింది ఆయనే. సినిమావాళ్ళ మాట చస్తే నమ్మడు. అలాంటి మనిషి పీడీ సారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాలేజీ మనిషి అబద్ధమాడడట! నా సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టి, షూటింగు బట్టల మూట కట్టినట్టు నాడాతో రెండు ముళ్ళు వేసి, కొసలు లోపలికి దోపి మరీ అప్పగించాడు.

వారం దాటింది. ఫోన్ రాలేదు. మనమే చేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు.

"వద్దు బిడ్డా. ఎంటవడి ఫోన్ చేస్తే చులకనైతం. గట్ల చేసినోళ్ళని పక్కకు వెడతరు."

అది సినిమా వేషాల కోసం తిరిగేవాళ్ళ రూలు. దాన్ని తెచ్చి కాలేజీ సీటుకు తగిలించాడు. ఇంటర్ దాకా చదివిన నేనూ తలూపాను. పీడీ సారును తిట్టేటప్పుడు నన్ను నేను వదిలిపెట్టను.

ఎంసెట్ కౌన్సెలింగులో నా ర్యాంకు పిలిచే రోజు వచ్చింది. అక్కడ ఒరిజినల్స్ చూపించాలి. అవేమో పీడీ సారు దగ్గరున్నాయి. అడిగితే నమ్మకం లేదనుకుంటారని నాన్న భయం. కౌన్సెలింగుకు వెళ్ళలేదు. నాకు రావలసిన సీటు ఇంకెవరికో పోయింది.

నాలుగు రోజులకు జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఇంటికి బట్టలివ్వడానికి వెళ్ళిన నాన్నకు పీడీ సారు అక్కడే కనిపించారు. ఫోన్ చేసి నన్ను పరుగున రమ్మన్నాడు. ఇంటి వెనక కొత్త సిమెంటు కోర్టులో సారు నిర్మాతగారి అమ్మాయికి బంతి అందిస్తున్నారు. ఆ పిల్ల దాన్ని వేడి పాలగిన్నెలా పట్టుకుంది.

"అయ్యో, మీకు చెప్పలేదాండీ?" అన్నారు సారు, ఏమీ ఎరగనట్టు. "ఉన్నది ఒక్కటే సీటు. పాప వేరే కాలేజీకి వెళ్తే మీ అమ్మాయికి ఇద్దామని ఆగాను. నిన్ననే పాప మాకు ఓకే చెప్పింది. వచ్చే ఏడు చూద్దాం లెండి."

అంటే ఆ మహారాణి తేల్చుకునేదాకా నేను స్టెప్నీని. సిగ్గులేని మనిషి. పైగా కారు డిక్కీలోంచి ఫైలు తీసి ఇస్తూ, "సర్టిఫికెట్లన్నీ నేనే దగ్గరుండి మేనేజ్‌మెంటుకు చూపించానండీ. మంచి మార్కులు!" అన్నారు.

నాన్న ఫైలు తిప్పి చూశాడు. రెండు ముళ్ళూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. కొసలు కూడా లోపలే ఉన్నాయి. అయినా ఆయనకు దండం పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దండమెందుకు పెట్టినవ్?" అని గేటు బయట అరిచాను.

నాన్న నా వైపు చూడలేదు. ముడి మీద బొటనవేలితో రుద్దుతూ నడిచాడు.

"ఒక్కపారన్న ఇప్పి సూడలే బిడ్డా," అన్నాడు. "సూసుంటే నీ మార్కులకు సీటు నీకే ఇస్తుండె."