యోబు గోల, అయ్యూబ్ ఓర్పు, ఒక మోకాలు

ఉద్యోగం వచ్చేసింది! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. సోమవారం నుంచి కెనడాలో, ఒంటారియోలోని లండన్‌లో, నేను పని నేర్చుకున్న ఎముకల వార్డులోనే, రిజిస్టర్డ్ నర్సుని! ఇంటర్వ్యూలో "మర్చిపోలేని కేసు ఒకటి చెప్పు" అన్నారు. నేను చెప్పింది ఇదే. పేర్లు మాత్రం మార్చాను.

పోయిన ఏడాది, స్టూడెంటుగా అక్కడ నా రెండో వారం. ఒకే గదిలో మోకాలి ఆపరేషన్ అయిన ఇద్దరు తెలుగు ఆంటీలు. కిటికీ పక్కన ఒంగోలు ఎస్తేరమ్మ గారు, తలుపు పక్కన గుంటూరు ఖైరున్నిసా గారు. మేం ప్రతి పూటా పెయిన్ స్కోర్ అడుగుతాం. నొప్పి పదిలో ఎంతో పేషెంటే చెప్పాలి, దాన్నిబట్టే మందు.

ఎస్తేరమ్మ ఆంటీ ఎప్పుడడిగినా "పదకొండు!" ఖైరున్నిసా ఆంటీ ఎప్పుడడిగినా "రెండమ్మా." నేనూ రెండనే రాసేశాను. రెండుకి గట్టి మందు ఇవ్వరు. కానీ ఫిజియోథెరపిస్ట్ ఎంత బతిమాలినా ఆవిడ కాలు కింద పెట్టడం లేదు. ఇంకా ఆలస్యమైతే మోకాలు బిగుసుకుపోతుంది, కాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కూడా. అప్పుడు చూశాను, మంచం కడ్డీ పట్టుకున్న ఆవిడ వేళ్ళు తెల్లబడిపోయాయి.

"ఆంటీ, ఇది రెండు కాదు."

"అయ్యూబ్ ప్రవక్త ఎన్ని బాధలు ఓర్చుకున్నాడు బేటా! నాది ఒక మోకాలేగా."

కర్టెన్ అవతల నుంచి ఎస్తేరమ్మ ఆంటీ అందుకున్నారు. "మా బైబిల్లో యోబేగా ఆయన! ఎక్కడ ఓర్చుకున్నాడు? తను పుట్టిన రోజునే శపించాడు. దేవుడితోనే వాదన పెట్టుకున్నాడు. చివరికి దేవుడు కోప్పడింది నీతులు చెప్పిన స్నేహితుల్ని. యోబు మాట్లాడిందే సరి అన్నాడు."

"మా ఖురాన్‌లో అంత గోల లేదమ్మా. ఆయన సబర్, ఓర్పు ఉన్న మనిషి."

"అసలు నోరే విప్పలేదా?"

ఖైరున్నిసా ఆంటీ కర్టెన్ వైపు తిరిగారు. "ఒక్క మాట అన్నాడు. నాకు బాధ కలిగింది, అందరికంటే దయగలవాడివి నువ్వే అని."

"మరి చెప్పుకున్నట్టేగా వదినా!"

"అప్పుడు అల్లా ఏమన్నాడు ఆంటీ?" అన్నాను.

"కాలితో నేలను తట్టమన్నాడు. చల్లటి నీళ్ళొచ్చాయి, స్నానానికీ తాగడానికీ." ఆ మాట అంటూనే తన కాలివైపు చూసుకుని పకపకా నవ్వేశారు. "రాసుకో. ఎనిమిది."

డాక్టర్ మందు మార్చారు. ఆ మధ్యాహ్నమే ఆవిడ వాకర్ పట్టుకుని పాదం నేలకు ఆనించారు.

"నీళ్ళేవీ?" అన్నారు ఎస్తేరమ్మ ఆంటీ. పరుగెత్తి ఐస్ నీళ్ళు తెచ్చిచ్చాను.

ఒక గ్రంథంలో ఆయన వాదిస్తాడు, ఇంకో గ్రంథంలో ఒక్క మాటతో సరిపెడతాడు. రెండింట్లోనూ బాధ చెప్పుకున్నాడు. ఆ రోజు నుంచి నేను అంకె ఒక్కటే వినను, చేతులు కూడా చూస్తాను.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: విండ్సర్ కార్ల ప్లాంట్‌లో షిఫ్టు దిగబోతున్న నాన్న. స్కార్‌బరోలో పిన్ని. ఎస్తేరమ్మ ఆంటీ, ఆవిడకి చెబితే చర్చి మొత్తానికి చెప్పినట్టే. ఉద్యోగం వస్తే చెప్పి తీరాలని నంబర్ రాసిచ్చిన ఖైరున్నిసా ఆంటీ. మోకాలెలా ఉందంటే ఈవిడ మళ్ళీ "రెండమ్మా" అంటారు.

అందుకే వీడియో కాల్ చేస్తాను.