పచ్చడి అక్కయ్యగారి ఆయన

సత్తెనపల్లిలో మా ఇల్లు మేడ మీద. మోకాళ్ళు మొరాయించి మెట్లెక్కలేక, గుంటూరు శివార్లలో పెద్దవయసు వాళ్ళ కోసం కట్టిన అపార్టుమెంట్లలో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. ఏడాది ఒప్పందం. వెళ్దామన్నది నేనే, నా ఖర్మ కొద్దీ.

మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసినవాణ్ణి. నేను నడిచొస్తుంటే నలుగురూ లేచి నిలబడేవారు. నా భార్యను ఫలానావారి భార్య అనేవారు, అంతే. ఇక్కడ రెండు నెలలకే అంతా తిరగబడింది. మెస్సులో కూరలు చప్పగా ఉన్నాయని ఆవిడ పండుమిర్చి పచ్చడి నూరి భోజనాల హాల్లో అందరికీ వడ్డించింది. దాంతో ఆవిడ అందరికీ పచ్చడి అక్కయ్యగారు, నేను పచ్చడి అక్కయ్యగారి ఆయనను. లిఫ్టులో నన్ను చూసి, "అక్కయ్యగారు రాలేదేమండీ?" అంటారు. ఎదురుగా ఉన్న నేను మనిషిని కాదు కాబోలు.

అన్నిటికన్నా కడుపు మండింది ఎదురు ఫ్లాట్ మేస్టారిని చూసి. రిటైరైన లెక్కల మేస్టారు, భార్య పోయింది. మా ఇంట్లో పచ్చడి నూరిన రోజు, గిన్నెకు అంటుకున్నదాంట్లో వేడన్నం, నెయ్యి వేసి కలిపితే మొదటి ముద్ద నాది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాదే. ఒకరోజు నేను స్నానం చేసి వచ్చేసరికి ఆ ముద్ద మేస్టారి చేతిలో ఉంది. కళ్ళు మూసుకుని మరీ తింటున్నాడు మహానుభావుడు.

"అమృతమమ్మా," అన్నాడు.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను ఒళ్ళు మండి, "ఉప్పు తగ్గింది," అన్నాను. ఇంకా నోట్లో పెట్టుకోకుండానే.

"ఈయనెప్పుడూ ఇంతేలెండి," అని ఆవిడ నవ్వింది. మేస్టారూ నవ్వాడు. తినని ఆ ముద్ద వారం పాటు నా గొంతుకు అడ్డం పడింది.

ఒప్పందం ముగిసే నెల వచ్చింది. ఆ మేస్టారి మొహం ఇక చూడక్కర్లేదనుకుని, ఆవిడతో చెప్పకుండానే ఓనరుకు ఫోన్ చేసి ఖాళీ చేస్తున్నామన్నాను.

"అదేంటండీ, ఇంకో ఏడాది ఉంటామని అమ్మగారు పోయిన వారమే చెప్పారే," అన్నాడు.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆవిడ వైపు తిరిగాను. బెండకాయలు తరుగుతోంది.

"ఎవరినడిగి చెప్పావు?"

"మీరెవరినడిగి ఖాళీ చేస్తున్నారు?" అంది, తల ఎత్తకుండానే. "మీకు ఉండబుద్ధి కాకపోతే సత్తెనపల్లి వెళ్ళండి. నాకిక్కడ బాగుంది. నేనుంటా."

కోపంగా అని ఉంటే గొడవ పెట్టుకునేవాణ్ణి. మామూలుగా అంది. అవతల ఓనరు హలో, హలో అంటున్నాడు.

"ఉంటామండీ," అన్నాను.