కాగితానికి రెండో వైపు

మొన్న చేవెళ్ల దగ్గర మా తమ్ముడి తోటకు వెళ్లాను. బీరపాదులకు కొత్తగా రాతి కడీలు పాతి పందిరి కడుతున్నారు. పనికి వచ్చిన ఒకాయన తీగను లాగి బిగించి, బిగువు చాలిందో లేదో చూడటానికి దాన్ని వేలితో మీటాడు. ఖంగుమంది. ఇంకాస్త బిగించి మళ్లీ మీటాడు. ఈసారి స్వరం పైకి పోయింది. నా చేతిలోని చాయ్ ఒలికింది. డెబ్బై దాటిన మనిషిని, ముప్పై ఏళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని, తీగ మోగితే ఉలిక్కిపడటమేమిటని మా తమ్ముడు నవ్వాడు. "ఏమైందక్కా, షాక్ గిట్ల కొట్టిందా?" అన్నాడు. కొట్టింది. మొదటిసారి కొట్టింది మాత్రం అరవై తొమ్మిదిలో.

అప్పుడు నేను చేవెళ్ల హైస్కూల్లో పెద్ద క్లాసులో ఉన్నాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఊరూరా పాకి, స్కూళ్లు మూతపడ్డాయి. మా సైన్సు మాస్టారు దేవదానం సార్‌కు మాత్రం పాఠం ఆపడం చేతకాలేదు. లాబొరేటరీకి తాళం పడితే, తాను కిరాయికి ఉంటున్న గది వరండాలోనే ఒక చెక్కపెట్టె పెట్టి, దాని మీద ఇనుప తీగ లాగి, తీగ చివర కిరాణా దుకాణం నుంచి అడిగి తెచ్చిన తూకపు రాళ్లు వేలాడదీశాడు. పాఠానికి వచ్చేవాళ్లం ముగ్గురం నలుగురం. మిగతావాళ్లు ఊరేగింపులకు పోయేవారు. నేను రెండింటికీ పోయేదాన్ని. మా ఉద్యోగాలు మాకు కావాలన్నది న్యాయమని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను.

సార్ తీగను మీటి, నడుమ వేలు ఆనించి మళ్లీ మీటేవాడు. మూడో వంతు దగ్గర ఆనించి మళ్లీ. ఒక్కోసారి ఒక్కో స్వరం.

"తీగ మారిందా, యాదమ్మా?"

"లేదు సార్."

"మరి మారిందేమిటి?"

"అదిరే తీరు మారింది సార్."

"అంతే. కళ్లు మూసుకుని వింటే మూడు తీగలు అనుకుంటాం. కళ్లు తెరిస్తే ఒక్కటే."

ఆయన తెలుగు అట్లా ఉండేది, అచ్చుపుస్తకంలా. మా క్లాసులో ఆయన్ను వెక్కిరించని పిల్ల లేదు, నాతో సహా.

ఇంకో రోజు ఒక వింత చెప్పాడు. నాలుగేళ్ల కిందట అమెరికాలో ఇద్దరు మనుషులు పెద్ద రేడియో యాంటెన్నా పెట్టి ఆకాశాన్ని వింటుంటే, ఏ దిక్కుకు తిప్పినా ఒకటే సన్నని రొద వినిపించిందట. యాంటెన్నాలో పావురాలు గూడు పెట్టాయి, వాటి పెంట వల్లేమోనని కడిగారట. అయినా రొద పోలేదు. "అది విశ్వం పుట్టినప్పటి వేడి. చల్లారి చల్లారి ఇంత మిగిలింది" అన్నాడు. మేము నోళ్లు వెళ్లబెట్టాం. "మీ అమ్మ రొట్టెలు చేసి పొయ్యి ఆర్పేశాక చెయ్యి దగ్గర పెట్టి చూడు. మంట లేదు, వెచ్చదనం ఉంది. ఆ వెచ్చదనం పట్టుకుని మంట ఎంతదో లెక్కగట్టవచ్చు." ఆ సాయంత్రం నేను నిజంగానే పొయ్యి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. "ఏం పుట్టిందే నీకు, చెయ్యి కాలుతది!" అని మా అమ్మ తిట్టింది.

ఆ వారంలోనే పెద్ద క్లాసు విద్యార్థి నాయకుడు నర్సింహ మా ఇంటికి వచ్చాడు. "యాదమ్మా, నీ రాత మంచిగుంటది. ఒక కాగితం రాసియ్యాలె. మన స్కూల్ల కోస్తావోళ్లు ఎవరెవరున్నరో వాళ్ల పేర్లు రాసి నోటీసు బోర్డు మీద పెడుదాం. పోవాలె అని."

రెండు పేర్లు టకటకా రాశాను. లెక్కల సారు, డ్రాయింగు సారు. ఇద్దరూ నిజంగానే కోస్తావాళ్లు.

"దేవదానం సారు?" అన్నాడు నర్సింహ.

నా కలం ఆగింది. "ఆయన మంచోడు గదా" అన్నాను.

"మంచోడైతే? నీకు పాఠం చెప్తుండని ఇడిచిపెట్టాల్నా? మాట్లాడితే తెలుస్తలేదా యాడోడో?"

తెలుస్తోందనే నేనూ అనుకున్నాను. ప్రకృతి నియమానికి మినహాయింపులు ఉండవని సారే కదా చెప్పేవాడు. మనకు ఇష్టమైనవాడని ఒకరిని వదిలేస్తే అది నియమం ఎట్లా అవుతుంది? పదహారేళ్ల బుర్రకు ఆ తర్కం గొప్పగా తోచింది. మూడో పేరు రాశాను. మొదటి రెండింటి కంటే గుండ్రంగా, అందంగా రాశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా వేళ్లు నరుక్కోవాలనిపిస్తుంది.

మర్నాడు బోర్డు ముందు సార్ నిలబడటం స్తంభం చాటునుంచి చూశాను. మొత్తం చదివాడు. చింపేస్తాడనుకున్నాను. నాలుగు గుండుసూదులూ జాగ్రత్తగా తీసి బోర్డు అంచున గుచ్చి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే పాఠం చెప్పాడు. నా వైపు ఎప్పటికంటే ఎక్కువా చూడలేదు, తక్కువా చూడలేదు. ఆయనకు తెలియలేదులే అని ఊపిరి పీల్చుకున్నాను.

రెండో రోజు పొద్దున లెక్కల సారు కుటుంబం, డ్రాయింగు సారు కుటుంబం మూటా ముల్లే సర్దుకుని బస్సు దగ్గరికి వచ్చారు. దేవదానం సార్ కూడా వచ్చాడు. లెక్కల సారు చంటిబిడ్డ ఆయన భుజం మీద ఉంది. మేమందరం చుట్టూ నిలబడి నినాదాలు ఇస్తున్నాం. ఎవరూ ఎవరి మీదా చెయ్యి వేయలేదు. నేనూ అరిచాను. సార్ బిడ్డ చెవి మీద అరచెయ్యి అడ్డం పెట్టి బస్సెక్కాడు. బస్సు పట్నం తోవ పట్టింది.

నాలుగో రోజు ఆయన గది ముందు ఒక ముసలామె కూర్చుని ఉంది. గోచీ పెట్టి కట్టిన నేతచీర, మోచేతి దాకా పచ్చబొట్లు, చేతిలో సద్దిమూట. ఎవరో కూలికి వచ్చిందనుకున్నాను.

"బిడ్డా, దేవదానం సారు గిదే అర్రల ఉంటుండె గద? గాయన సామాను కొంచవోను వచ్చిన."

"నువ్వెవరవ్వా?"

"నేను ఆయన తల్లిని. సారమ్మ అంటరు. మాది మొయినాబాదు."

మొయినాబాదు! మా ఊరికీ పట్నానికీ నడుమ, బస్సులో గంట కూడా పట్టదు. ప్రతి శనివారం సార్ ఆ బస్సెక్కితే పట్నంలో చర్చికి పోతున్నాడనుకునేవాళ్లం.

"మరి సారు మాట..." అన్నాను.

"వాని అయ్య సచ్చిపోతే ఆరేండ్లప్పుడే మిషను దొరసాని దూరం హాస్టల్ల ఏసింది బిడ్డా, కోస్తా దిక్కు. ఆన్నే సదివిండు, ఆన్నే పెరిగిండు. ఇంటికొస్తే నాతోటి గూడ పాస్టరు లెక్కనే మాట్లాడుతడు. నేను నవ్వుత." ఆమె నవ్వబోయి ఆగింది. "ఏం తప్పు జేసిండు బిడ్డా నా కొడుకు? ఎందుకు ఎల్లగొట్టిన్రు?"

జవాబు చెప్పాల్సినదాన్ని నేనే. "ఆయన ఈడోడే అని ఒక్కమాట చెప్పకపోయెనా అవ్వా?" అని ఎదురు ఆమెనే అడిగాను.

"నేనూ గదే అడిగిన. 'అమ్మా, నేను ఇక్కడివాణ్ణని చెప్పి ఉండిపోతే, ఆ ఇద్దరూ పోవాల్సిందేనని ఒప్పుకున్నట్టే కదా' అన్నడు. నాకు సమజు గాలే. సదువుకున్నదానివి, నీకైతదేమో."

స్కూలు ఆఫీసులో రిజిస్టరు తెరిచి ఉంటే ఆయన ఊరు అందులోనే ఉంది. ఆఫీసుకు తాళం వేసింది మేమే. తీగ అదిరే తీరు విని తీగనే వేరనుకున్నాను. ఆ పాఠం చెప్పినవాడి విషయంలోనే అనుకున్నాను.

వరండాలోని చెక్కపెట్టె ఎత్తడానికి సాయం పట్టాను. అడుగున మడతలు పెట్టిన కాగితం, పైన నా పేరు. అది నా పేరేనని ఆమెకు చెప్పాను. "నీకేనేమో, తీస్కో" అంది సారమ్మ. విప్పితే నా చేతిరాత, మూడు పేర్లు. వెనక్కి తిప్పాను. అటువైపు నిండా సార్ రాత.

"యాదమ్మా, మిగిలిపోయిన పాఠం. విశ్వమనే పొయ్యి మొదటి క్షణంలో ఎంత వేడిగా ఉండి ఉంటుంది? అంత వేడిలో ఇన్ని రకాల కణాలు, ఇన్ని రకాల బలాలు వేరువేరుగా ఉండగలవా? ఒకప్పుడు అన్నీ ఒకటేనా? ఒకటే అయితే, ఆ ఒక్కటి ఏమిటి? ఇప్పటికి ఎవరికీ తెలియదు. తెలిస్తే వచ్చి చెప్పు. తొందర లేదు."

ఆ ప్రశ్న నన్ను నిలవనియ్యలేదు. ఇంట్లో పోట్లాడి మరీ డిగ్రీ చదివాను, పట్నంలో ఎమ్మెస్సీ చేశాను, లెక్చరర్‌నయ్యాను. సార్ పట్నంలో మరో స్కూల్లో చేరాడని తెలిసినా వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

ఎనభైలలో ఒక పైదేశపు శాస్త్రవేత్త వచ్చి ఉపన్యాసం ఇస్తుంటే వెనుక వరసలో కూర్చున్నాను. పదార్థంలో కట్టకడపటివి చుక్కలు కావట, ఊహకందనంత సన్నని తీగలట. ఒకే తీగ ఒక తీరున అదిరితే ఒక కణం, ఇంకో తీరున అదిరితే ఇంకో కణం. విశ్వం పుట్టిన తొలి క్షణపు వేడిలో బలాలన్నీ ఒకటిగా ఉండి, చల్లారుతున్నకొద్దీ విడిపోయి ఉండవచ్చునట. నా కళ్లముందు చెక్కపెట్టె, తూకపు రాళ్లు. ఏడుపు ఆగక లేచి బయటికి వచ్చేశాను. మర్నాడు మొయినాబాదు బస్సెక్కాను.

సార్ రిటైరై తల్లి కట్టిన ఇంట్లోనే ఉంటున్నాడు. సారమ్మ అప్పటికి లేదు. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. ముందు విన్నదంతా చెప్పాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"రుజువైందా?"

"కాలేదు సార్. ఎప్పటికైతుందో కూడ తెల్వదు."

"అయితే ప్రశ్న ఇంకా బతికే ఉంది. మంచిది" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

అప్పుడు బ్యాగులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. "సార్, ఇది రాసింది నేను."

"తెలుసు."

"ఎప్పుడు తెల్సింది సార్?"

"బోర్డు దగ్గరే. మూడేళ్లు నీ నోట్సులు దిద్దాను, నీ రాత నాకు తెలియదా?"

"మరి నన్ను ఒక్కమాట అనకుంట, నాకే పాఠం ఎట్ల రాసిన్రు సార్?"

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజంగానే ఆలోచించి, మెల్లగా అన్నాడు. "వెనుక వైపు ఖాళీగా ఉందమ్మా."

సార్ పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజు ఆయన తిరిగిచ్చిన కాగితం మడతల దగ్గర చిరిగితే అతికించి దాచుకున్నాను. కొత్త పిల్లలు వచ్చిన ప్రతి ఏడూ దాన్ని క్లాసుకు తీసుకెళ్లి, వెనుక వైపున్న ప్రశ్న చదివి వినిపించేదాన్ని. ముందు వైపు ఏముంది మేడమ్ అని ఎవరైనా అడిగితే, ఏం లేదు, పాత నోటీసు అనేదాన్ని. ఆ నోటీసులో ఏముందో, అది ఎవరి చేతిరాతో ఇప్పుడు చెప్పాను.