పలకల మీద టర్బో ఇంజిను

నాకు అన్నీ తెలిసిన కాలం ఒకటి ఉండేది. పందొమ్మిదో ఏట మొదలై నాలుగు రోజుల్లో ముగిసింది. ఆ రోజుల్లో మార్కాపురంలో ఒక మెకానిక్ షెడ్డులో పని చేసేవాణ్ణి. పని అంటే, ఉస్తాద్ విప్పిన సామాన్లను డీజిల్‌లో కడగడం. (ఎనిమిదిలోనే బడి మానేసినవాడికి ఇంజిను ఎవరిస్తారు?) ఉస్తాద్ గిద్దలూరులో పెళ్ళికని వెళ్ళగానే, మా మామ కారు నీలం పొగ ఊదుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. దోర్నాల నుంచి శ్రీశైలానికి యాత్రికులను తిప్పే బండి. ఇంజిను విప్పి కొత్త పిస్టన్ రింగులు వేయాలి. "టర్బో బండిరా, నీతో అయితదా?" అన్నాడు మామ. "టర్బో అంటే ఏముంది మామా, పొగతో తిరిగే పంకా. ఇంజినుకి గాలి కొడతది, అంతే" అన్నాను. అప్పటిదాకా నేను టర్బోను ముట్టుకున్నది కడగడానికే. "సోమవారం పొద్దున బేరముంది. బండి లేకుంటే యాత్రికుల్ని నువ్వే మోసుకొని ఘాటెక్కాల. మళ్ళీ జన్మలో పానా పట్టనియ్యను" అన్నాడు.

పెద్ద మెకానిక్కులు ముందు ప్లాను వేస్తారని ఫోనులో ఒక హిందీ వీడియో చెప్పింది (అట్లా చెప్పిందనే అనుకుంటున్నాను, నాకు హిందీ రాదు). అమ్మ పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించేది. అంచు విరిగిన పలకలు ఇంటినిండా ఉండేవి. బడిలో పలక చూస్తే పారిపోయినవాణ్ణి, శుక్రవారమంతా పద్నాలుగు పలకలు నింపాను. మొదటిదాని మీద నా పేరు, కింద 'చీఫ్ మెకానిక్'. మిగతావాటి మీద ఏ బోల్టు ఎక్కడిదో బొమ్మలు. శనివారం విప్పిన బోల్టులన్నీ వాటి మీదే పేర్చాను. టీ ఎప్పుడు తాగాలో రాశాను. మేక వస్తే ఏం చేయాలో రాశాను. అమ్మ వస్తే ఏం చేయాలో రాయలేదు.

సాయంత్రం రింగులు తీసుకొని వచ్చేసరికి పలకలు శుభ్రంగా కడిగి గోడకు ఆరబెట్టి ఉన్నాయి. "రేపు చర్చి అయ్యగారు మనింటికి ప్రార్థనకి వస్తన్నాడు. ఏందిరా ఆ పిచ్చిగీతలు? తుడిచేసినా" అంది అమ్మ.

"మరి బోల్టులు?"

"పొడుగు చూసి కుప్పలు పెట్టినా. ఫ్యాక్టరీలో అట్లనే పెడతాం."

చీఫ్ మెకానిక్ అరుగు మీద కూలబడి ఏడ్చాడు. (కళ్ళలో డీజిల్ పడిందని చెప్పాడు.) "ఏ పలకకి ఏ చట్రమో కొలిచి చూస్తాం గానీ, రాసుకుంటామా?" అంటూ అమ్మ చీపురుపుల్ల విరిచి, బోల్టు రంధ్రంలోకి దించి, లోతు గోటితో పట్టి కుప్పల పక్కన పెట్టింది. "ఇదిగో, రెండో కుప్పలోది."

ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మ కొలవడం, నేను బిగించడం. మధ్యలో తలుపు వెనక నుంచి ఒక పలక తెచ్చి ఇచ్చింది. "ఇదొక్కటి తుడవలేదురా. నాకు చదువు రాదు గానీ నీ పేరు గుర్తుపడతా. పేరున్నదాన్ని ఎట్ల తుడుస్తా?" పద్నాలుగు పలకల ప్లానులో నా పదవి ఒక్కటే మిగిలిందన్నమాట.

సోమవారం పొద్దున మూడో ప్రయత్నంలో ఇంజిను అందుకుంది. పొగ లేదు. మామ చెవి పెట్టి విని, "నిజంగా నువ్వే చేసినావారా?" అన్నాడు. "నేనే మామా" అన్నాను. పక్కనే అమ్మ ఆ పుల్లతో వాకిట్లో పళ్ళు కుట్టుకుంటోంది.

ఇప్పుడు నాకూ ఒక షెడ్డు ఉంది, గోడకు ఆ పలక ఉంది. అప్పటి నేను పనికోసం వస్తే డీజిల్ డబ్బా కూడా ఇవ్వను. పేరు కింది పదవిని ఎప్పుడో తడిగుడ్డతో నేనే తుడిచేశాను. పేరు మాత్రం ఉంచాను. అమ్మ షెడ్డుకు వస్తే చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.