ముక్తసరి చెప్పిన జవాబు

పచ్చగేటు పెద్దమ్మ నోరు మంచిది కాదు. ఈ సంగతి వీధి మొత్తం ఒప్పుకుంటుంది, ఆవిడ కూడా ఒప్పుకుంటుంది. పాలలో నీళ్ళు కాస్త ఎక్కువయ్యాయా, ఆ పూట పాలవాడి వంశంలో పోయినవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేస్తారు. బళ్ళో ఎవరైనా తన పిల్లల మీద చెయ్యి చేసుకున్నారని తెలిసిందా, బడి గంట కంటే ముందు ఆవిడ గొంతే మోగుతుంది. అలాంటి మనిషిని తీసుకొచ్చి ఒక కుర్చీలో కూర్చోబెట్టి, "పిల్ల ముందు మీరు ఒక్క మాట మాట్లాడకూడదు, సైగ కూడా చెయ్యకూడదు" అన్నారు చూడండి, అంతకంటే పెద్ద శిక్ష ఇంకొకటి ఉంటుందా?

కూర్చోబెట్టింది పిల్లల సంక్షేమం చూసే అధికారిణి. కూర్చోబెట్టడానికి కారణం ముక్త. ముక్త ఎవరి దగ్గర పెరగాలో ఆ పొద్దున తేల్చేస్తారు.

పెద్దమ్మ అసలు దర్జీ. బస్సు డ్రైవరైన మొగుడు చిన్నవయసులోనే పోతే, కుట్టుమిషను ముందేసుకుని బతికింది. ఒక వానాకాలం ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఆవిడ కొట్టు అరుగు మీద ముడుచుకుని కనిపించారు. ముందు నాలుగు తిట్లు తిట్టింది, తర్వాత మిగిలిన ముక్కలన్నీ అతికి ఇద్దరికీ గౌన్లు కుట్టింది. గౌన్లు తొడిగాక ఇక వెళ్ళమనడానికి నోరు రాలేదు. వాళ్ళ వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరొకరు. కొట్టు చాలక పాడుబడ్డ గోదాము ఒకటి తీసుకుంది. ఎవరో తలుపులిచ్చారు, ఎవరో మంచాలిచ్చారు, ఇంకెవరో వాళ్ళింటికి వేయగా మిగిలిన పచ్చరంగు డబ్బా ఇచ్చారు. అది గేటుకు పట్టింది. అలా ఆవిడ పచ్చగేటు పెద్దమ్మ అయింది.

గేటు మీది బోర్డులో 'బాలల ఆశ్రమం' అని రాయించక తప్పలేదు, ప్రభుత్వం వారికి ఏదో ఒక పేరు ఉండాలి కాబట్టి. అయితే ఆ అక్కచెల్లెళ్ళలో పెద్దది ఒకరోజు బడి నుంచి వచ్చి సంచీ విసిరికొట్టి, "అందరూ ఆశ్రమం పిల్లా ఆశ్రమం పిల్లా అంటున్నారు. నేను బడికి పోను" అని ఏడ్చింది. ఆ సాయంత్రం పెద్దమ్మ అందర్నీ వరసగా నిలబెట్టింది.

"ఇవాళ్టి నుంచి నోటితో ఆ మాట అన్నవాళ్ళు అన్నం గుండిగ తోమాలి. నేనైనా సరే! ఎక్కడుంటావని ఎవరైనా అడిగితే 'మా ఇంట్లో' అనండి. ఎక్కడికి పోతున్నావంటే 'మా ఇంటికి' అనండి. అబద్ధమా? కాదుగా! ఇల్లు కాకపోతే ఇదేమన్నా రైల్వే స్టేషనా?"

అడుగంటిన గుండిగ తోమడం కంటే నాలుక అదుపులో పెట్టుకోవడం సుఖమని పిల్లలకు త్వరగానే అర్థమైంది. విరాళమివ్వడానికి వచ్చిన ఒక పెద్దమనిషి కూడా మాట జారి, పీచు పట్టుకుని కుళాయి దగ్గర కూర్చోవలసి వచ్చింది. పాపం, మంచివాడు. మళ్ళీ వచ్చాడు.

ఇక ముక్త. అమ్మానాన్న ఒకే ప్రమాదంలో పోతే బాబాయి దగ్గరికి చేరింది. బాబాయికి హోటలుంది. పాలపళ్ళు ఊడే వయసులో ఆ పిల్ల బడి మాని ఎంగిలి ప్లేట్లు కడిగేది. వేడినీళ్ళు ఒలికి ముంజేతి మీద పడిన మచ్చ ఇప్పటికీ ఉంది. చెయ్యి కాలాక ఇక పనికి రాదనుకున్నాడో ఏమో, "నాలుగు రోజులు చూసుకోండమ్మా, మళ్ళీ వచ్చి తీసుకెళ్తా" అని పచ్చగేటు ముందు వదిలి వెళ్ళిన మనిషి, ఏళ్ళు గడిచినా అటు తొంగిచూడలేదు. పిల్ల నోట మాట వచ్చేది కాదు. బతిమాలి పది ప్రశ్నలడిగితే రెండు మాటల జవాబు. "ఏమిటే నీ ముక్తసరి మాటలు!" అని పెద్దమ్మ విసుక్కునేది. ఆ ముక్తసరే అరిగి అరిగి ముక్త అయింది.

ఇప్పుడు ముక్త గుమ్మం అంత ఎత్తు పెరిగింది. సరిగ్గా ఇప్పుడే బాబాయికి రక్తసంబంధం గుర్తొచ్చింది. భార్యకు కవలలు పుట్టారు, ఎత్తుకోవడానికి మనిషి కావాలి. ఆ మాట పైకి అంటాడా? "మా అన్న గుర్తు మేడమ్, మా ఇంటి దీపం మేడమ్" అన్నాడు. అంతటితో ఆగక, "ఆవిడ పిల్లలకు చిలకపలుకులు నేర్పుతుంది. ఆవిడ ముందు నిజం చెప్పరు" అని ఫిర్యాదు కూడా పెట్టాడు. అందుకే పెద్దమ్మ నోటికి తాళం పడింది.

అసలు భయం బాబాయి కాదు. అసలు భయం ఫోటో. కిందటి వారం పిల్లను చూడటానికి వచ్చినప్పుడు అతను ముక్త వాళ్ళమ్మ ఫోటో తెచ్చి ఇచ్చాడు. అప్పటి నుంచి పిల్ల దిండు కింద అదే. అన్నం సగంలో లేచిపోతోంది. మాట్లాడేదే తక్కువ, అదీ మానేసింది. పెద్దమ్మ రెండుసార్లు అడగబోయి ఊరుకుంది. 'వెళ్తావా?' అని అడిగితే 'వెళ్తా' అంటుందేమో. ఎవరికీ జడవని మనిషి ఆ ఒక్క మాటకు జడిసింది. ఎంతైనా తల్లి ఫోటో ఇచ్చిన చెయ్యి కదా!

ఆఫీసు గదిలో ఇనప బల్ల, నాలుగు కుర్చీలు, వీధిలోకి తెరిచిన కిటికీ. ఎదురు కుర్చీలో బాబాయి. ఫ్యాను తిరుగుతున్నా పెద్దమ్మకు చెమటలు పోస్తున్నాయి.

"పిల్లను పిలిచే ముందు మీరు చెప్పదలిచింది చెప్పండి" అంది అధికారిణి. కఠినమైన మనిషేం కాదు, పద్ధతి మనిషి.

"మా ఆశ్రమంలో బాగానే చదువుతోందండీ" అంది పెద్దమ్మ. ఆఫీసులో ఆఫీసు మాటే మాట్లాడాలి కాబట్టి ఆ మాటే వచ్చింది. "మా ఆశ్రమం పిల్లలందరిలోకీ లెక్కల్లో ఇదే ముందు. ఆశ్రమానికి వచ్చినప్పుడు దీని చెయ్యి..."

"అది ఫైల్లో ఉంది. ఇక మీరు మాట్లాడకండి. పాపా, లోపలికి రా."

ముక్త తలుపు బయటి బల్ల మీద నుంచి లేచి వచ్చింది. ఇంతసేపూ అక్కడే కూర్చుని అంతా విన్నదని పెద్దమ్మకు అప్పుడు తెలిసింది. పిల్ల ఆవిడ వంక ఒక్క చూపు చూసి, కూర్చుంది. ఆ చూపులో ఏముందో అర్థం కాలేదు.

"భయపడకు. నీ ఇష్టమే అడుగుతున్నాను. ఇక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్ళాలని ఉంది?"

"మా ఇంటికి."

బాబాయి కుర్చీ కిర్రుమంది. "విన్నారుగా మేడమ్! మా ఇంటికి అంటోంది! రక్తం ఎక్కడికి పోతుంది!"

పెద్దమ్మ కొంగు బిగించి పట్టుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. తను నేర్పిన మాటే, తన పెదవి దాటిన మాటే, తిరిగి తిరిగి తన నెత్తినే పడింది. అది ఏ ఇల్లో చెప్పవే తల్లీ అని అరవాలనిపించింది. అరిస్తే చిలకపలుకులు అనే మాట నిజమైపోతుంది. పోనీ, అరిచాక పిల్ల నిజంగా బాబాయి ఇల్లే అంటే? మింగలేక కక్కలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

"అక్కడ నీకు బాగుంటుందా?" అధికారిణి రాసుకుంటూ అడిగింది.

"ఊఁ."

"పని చేయిస్తారా?"

"ఊఁ. గిన్నెలు."

"ఇంట్లో ఆడపిల్లన్నాక ఆ మాత్రం చెయ్యదా మేడమ్" అన్నాడు బాబాయి.

అధికారిణి కలం ఆగింది. "కొడతారా?"

"కొట్టరు." ముక్త కాస్త ఆలోచించింది. "తిడతారు."

"ఎవరు?"

ముక్త నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నాడు. "మా ఆవిడకు కాస్త నోరెక్కువ మేడమ్. మనసు వెన్న! ఇక తిట్టకుండా నేను చూసుకుంటా."

"తిట్టినా పర్లేదు" అంది ముక్త నెమ్మదిగా. "వెళ్తా."

అంతే, అయిపోయింది. తిట్టినా పర్లేదట! ఇన్నేళ్ళూ జ్వరమొస్తే తడిగుడ్డ వేసి, పేలు దువ్వి, గౌను పొట్టిదైనప్పుడల్లా అంచు అతికిన తనను కాదని, తిట్టే ఇంటికి పోతానంటోంది. పెద్దమ్మకు కోపం రావలసింది, రాలేదు. ఏడుపొచ్చింది.

"సరే" అంది అధికారిణి. "కాగితాలు తర్వాత చూద్దాం, ముందు కొన్నాళ్ళు ఉండనివ్వండి. ఇక వెళ్ళమ్మా, ఇంటికి వెళ్ళు."

ముక్త లేచి చెప్పులు వేసుకుని గబగబా బయటికి నడిచింది. బాబాయి తాళం చెవులు ఊపుకుంటూ వెనకే వెళ్ళాడు. పెద్దమ్మ లేవలేదు. కిటికీలోంచి చూడకూడదనుకుంటూనే చూసింది.

ఆఫీసు గేటు దాటాక బాబాయి కారు కుడివైపుంది. ముక్త ఎడమవైపు తిరిగింది.

"ఏయ్ బంగారం! అటెక్కడికి? కారు ఇటు!"

"మా ఇంటికి" అంది ముక్త, ఆగకుండానే.

"ఇల్లు ఇటే పిల్లా!" అతను పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు, ఆ మచ్చ ఉన్న చెయ్యే. ముక్త ఒక్క గుంజు గుంజింది. ఎప్పుడూ గొంతు పెగలని పిల్ల వీధంతా అదిరేలా అరిచింది. "అది మీ ఇల్లు! మా ఇల్లు పచ్చగేటు!"

అధికారిణి కిటికీ దగ్గరికి వచ్చింది. "పాపా! మరి తిడతారన్నావు?"

"పెద్దమ్మ. రోజూ తిడుతుంది."

"గిన్నెలు?"

"వంతులు. ఇవాళ నాదే."

అధికారిణి పెద్దమ్మ వంక చూసింది. పెద్దమ్మ కొంగు ఇంకా నోట్లోనే ఉంది. తర్వాత వీధిలో ఉన్న బాబాయిని పిలిచింది. "అయ్యా, ఒకసారి లోపలికి రండి. మీ ఆవిడ నోటి సంగతి ఏదో చెప్పారు, అది మళ్ళీ మొదట్నుంచి మాట్లాడుకుందాం." ఇందాక రాసిన దాని మీద అడ్డంగా గీత కొట్టి, "మీరు వెళ్ళండమ్మా. ఇప్పుడు మాట్లాడొచ్చు" అంది.

పెద్దమ్మ నోట్లోంచి కొంగు తీసింది. దణ్ణం పెట్టి బయటపడింది.

ముక్త మలుపు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. సైకిలు రిపేరు కొట్టు దాటాక పెద్దమ్మ ఇక పట్టలేకపోయింది. "ఆ ఫోటో దిండు కింద పెట్టుకున్నావు కదే. వెళ్ళిపోతావనుకుని చచ్చాను."

"ఫోటో అమ్మది. బాబాయిది కాదుగా."

"మరి అన్నం ఎందుకు మానేశావే, దిక్కుమాలినదానా?"

"పంపించేస్తావేమోనని."

పెద్దమ్మ నడిరోడ్డు మీద ఆగిపోయింది. తను అడగడానికి భయపడింది, పిల్ల చెప్పడానికి భయపడింది. ఒకే కప్పు కింద ఇద్దరూ వారం రోజులు ఒకే భయంతో చచ్చారు. చటుక్కున పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఇంకోటి" అంది ముక్త, ఆ కౌగిట్లోంచే. "ఆశ్రమం అన్నావు. చాలాసార్లు."

"ఓసి నీ..! అది ఆఫీసే! ఆఫీసులో అన్నది లెక్కలోకి రాదు!"

"వస్తుంది. నేనైనా సరే అన్నావట. అక్క చెప్పింది."

ఆ మధ్యాహ్నం అన్నాలయ్యాక పెద్దమ్మ చీర ఎగ్గట్టి కుళాయి దగ్గర కూర్చుంది. చుట్టూ పిల్లలంతా చేరి, అక్కడ మసి ఉంది, ఇక్కడ మెతుకుంది అని ఒకటే వేళాకోళం. ముక్త చెంబుతో నీళ్ళు పోస్తోంది. గుండిగ లోపలికి వంగిన పెద్దమ్మ ఎంతకీ తల పైకెత్తలేదు.

"ఏడుస్తున్నావా పెద్దమ్మా?"

"సబ్బే, కంట్లో పడింది. నోరు మూసుకుని నీళ్ళు పొయ్యి, కోతిమొహమా!"

"తిట్టింది" అంది ముక్త అందరితో, తృప్తిగా.