మామ తుపాకి, అత్త పసుపుగుడ్డలు

ఎన్నికలొస్తున్నాయి, లైసెన్సు తుపాకులున్నవాళ్ళు స్టేషన్లో అప్పగించాలని పొద్దున పేపర్లో చదివాను. పోయినసారి ఎన్నికల ముందు జరిగింది నాకింకా మింగుడుపడలేదు.

మా మేనమామ ఇల్లు విడవలూరు అవతల, సముద్రానికి దగ్గరగా, రొయ్యల గుంటల మధ్య ఒంటరిగా ఉంటుంది. పిలిస్తే పలికే మనిషి దగ్గర్లో లేడు. అందుకని ఆయన ఎవరి దగ్గరో పాత పంపు తుపాకి కొని, ఇంటి రక్షణకని లైసెన్సు తెచ్చుకున్నాడు. గొట్టం కిందున్న కర్ర పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే అది 'కర్ చక్' మంటుంది. ఆ చప్పుడంటే మామకు ప్రాణం. వచ్చిన చుట్టాలందరికీ వినిపించేవాడు. ఒకసారి వియ్యంకుడు ఉలిక్కిపడి పంచె మీద కాఫీ ఒలకబోసుకున్నాడు. పేల్చిన పాపాన మాత్రం మామ ఎన్నడూ పోలేదు. ఆయుధపూజకి బయటికి తీసి, పైపైన కొబ్బరినూనె రాసి తుడిచి అత్త చేతికిచ్చేవాడు. గంధం, కుంకుమ, బంతిపూలు ఆమె పని.

తుపాకి వచ్చాక నాలుగు ఆయుధపూజలు గడిచిన ఏడు, ఒక మిట్టమధ్యాహ్నం ముగ్గురు మనుషులు గుంట గట్టున మోటారు విప్పుతూ కనిపించారు. మామ తుపాకిలో తూటాలు నింపుకుని వరండాలోకి ఉరికాడు. ఆపబోయిన నేను గొట్టానికి మూరెడు దూరంలో నిలబడిపోయాను. కర్ చక్. మామ వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది. ఆ చప్పుడికే వాళ్ళు చెప్పులు వదిలేసి పరుగెత్తారు. ఆ చెప్పుల సంగతి చెప్పుకుని ఏళ్ళ తరబడి పగలబడి నవ్వుకున్నాం.

పోయినసారి ఎన్నికలప్పుడు తుపాకి అప్పగించడానికి మామతో నేనూ స్టేషనుకి వెళ్ళాను. ఎప్పుడూ నంబరు చూసి బీరువాలో పెట్టేవాళ్ళు. ఆసారి కొత్తగా వచ్చిన హెడ్డు కానిస్టేబులు గొట్టం ఊడదీసి టార్చి వేశాడు. వెలుతురు అవతలికి రాలేదు. ఇనప చువ్వతో నెడితే పసుపుపచ్చ గుడ్డ ఉండ ఒకటి బల్ల మీద పడింది. దాని వెనక ఇంకొకటి. మొత్తం తొమ్మిది.

"పెద్దాయనా, దీన్ని ఎప్పుడన్నా పేల్చినారా?"

"లేదు సార్."

"బతికిపోయినారు. పేల్చుంటే గొట్టం చీలి మీ మొగం మీదికే వచ్చుండేది. పక్కనున్నోళ్ళు గూడా మిగిలుండరు."

దొంగలొచ్చిన రోజు వరండాలో ఆ పక్కనున్నది నేనే.

ఇంట్లో అడిగితే అత్త తేలిగ్గా ఒప్పుకుంది.

"నేనే కుక్కినా. ఉప్పుగాలికి లోపల తుప్పు పడతాది గదా? ఏటా పూజయినాక ఒక గుడ్డ పసుపులో ముంచి, సరుగుడు పుల్లతో లోపలికంటా నెట్టేదాన్ని. ఏందయ్యా, అట్టా చూస్తావు?"

మామ నా వైపు తిరిగి, "అది మళ్ళీ ఇంటికి రాకూడదు పాపా. స్టేషనోళ్ళనే ఉంచుకోమను" అన్నాడు.

మోటారు దొంగలు వచ్చేనాటికి గొట్టంలో ఎన్ని గుడ్డలుండేవో వేళ్ళ మీద లెక్కపెట్టాను. నాలుగు. వాళ్ళు ఇంకొక్క క్షణం నిలబడి ఉంటే, మేం నవ్వుకున్న ఆ ఏళ్ళేవీ మాకు ఉండేవి కావు.